తెల్లబోయిన నలుపు

మాలకొండయ్యకు ముందు పోయింది వాసన. చేతికి వణుకు రావడం ఆ తర్వాత ఎన్నాళ్లకో.

జువ్వలదిన్నె నుంచి మద్రాసుకు చేపల వ్యాను తోలిన మనిషి అతను. పడవలు ఒడ్డుకొచ్చాక ఒక వరస ఐసు, ఒక వరస చేప వేసి పెట్టెలు సర్దించుకుని బయల్దేరితే, కాసిమేడు మార్కెట్లో దించేదాకా స్టీరింగు ఇంకొకరి చేతికిచ్చేవాడు కాదు. పెట్టె మూత తీయకుండానే లోపల సరుకు ఎలా ఉందో ముక్కుతో చెప్తాడని అతనికి పేరు. అలాంటివాడు ఒకసారి మార్కెట్లో వంజరం పెట్టె తెరిచి, లోపలికి వంగి చూసి, "బాగానే ఉండాది గదన్నా" అన్నాడు. ఎదురుగా నిలబడ్డ వ్యాపారి అప్పటికే తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాలకొండయ్య కూడా నవ్వాడు. జలుబు చేసి ఉంటుందనుకున్నాడు. ఆ జలుబు తగ్గలేదు.

వ్యాను యజమాని వ్యాపారం మానుకున్నాక మాలకొండయ్య సొంతానికి ఒక పాత కారు కొనుక్కున్నాడు. ఊళ్లో ఎవరినన్నా నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, కావలిలో రైలెక్కించాలన్నా అదే బండి. ఎత్తుగా, జీపులాగా ఉండేది. ఒళ్లంతా తెలుపు. కింద చుట్టూ నల్ల ప్లాస్టిక్కు. ముందూ వెనకా బంపర్లు నలుపు, చక్రాల మీద విల్లులాగా వంగిన పట్టీలు నలుపు, తలుపుల పొడవునా అడ్డంగా పోయే వెడల్పాటి పట్టీ నలుపు, పక్క అద్దాల డొప్పలు కూడా నలుపే. కొన్న రోజున బండిని ఇంటి ముందు నిలిపి, దూరంగా జరిగి చూసుకుని భార్యను కేకేశాడు.

"మే రోజా, ఇట్టా రా. నల్లంచు తెల్లపంచె కట్టుకోని నిలబడినట్టు లేదూ?"

రోజారమణి తడి చేతులతో బయటికొచ్చి చూసి, "పంచె నువ్వెప్పుడు కట్టినావు మామా, లుంగీ తప్ప?" అంది.

ఆమె అతని సొంత అక్క కూతురు. పెళ్లయి, కొడుకు కిషోర్ పుట్టి, ఆ కొడుకు చదువు ముగించి రొయ్యల హేచరీలో పనికి కుదురుకున్నా, మొగుణ్ణి ఆమె పిలిచే పిలుపు మాత్రం చిన్నప్పటిదే.

వణుకు కుడిచేతి బొటనవేలితో మొదలైంది. ఊరికే కూర్చున్నప్పుడు వేళ్లు బీడీ చుడుతున్నట్టు ఆడేవి. "ఏంది మామా ఆ చెయ్యి" అని రోజారమణి అడిగితే, అప్పటిదాకా తనకే తెలియనట్టు చేతివంక చూసుకునేవాడు. తర్వాత అడుగులు చిన్నవయ్యాయి. నవ్వు తగ్గింది. నవ్వు రాక కాదు, ముఖం మీద చర్మం బిగుసుకుపోయి లోపలి నవ్వు బయటికి తెలిసేది కాదు. నెల్లూరులో నరాల డాక్టరు అతన్ని నడిపించి, చేతులు చాపించి, వేళ్లు ఆడించమని చూసి జబ్బు పేరు చెప్పాడు. ఇది నయమయ్యేది కాదనీ, మాత్రలతో నెమ్మదిగా నెట్టుకురావాలనీ, బండి తోలడం ఇక మానుకుంటే మంచిదనీ చెప్పాడు. మాలకొండయ్య మొదటి రెండు మాటలూ విన్నాడు. మూడోది విననట్టే బయటికొచ్చి, ఆసుపత్రి ముందు ఆపిన తన బండిలో తనే ఎక్కి, రోజారమణిని పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి తోలుకొచ్చాడు.

అలా కొన్నాళ్లు తోలాడు. మాత్ర వేసుకున్నాక ఒళ్లు తేలికపడేది, ఆ సమయం చూసుకుని బయల్దేరేవాడు. ఒక పొద్దున హార్బరు దారిలో వస్తున్నాడు. రోడ్డు పక్కన ఇసకలో పట్టలు పరిచి, ముసలమ్మ అనే ఆమె నెత్తళ్ల చేపలు ఎండబెట్టుకుంటోంది. పేరే ముసలమ్మ, వయసూ అదే. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. బ్రేకు తొక్కాలి. తొక్కాలని మాలకొండయ్యకు తెలుసు. కాలికి చెప్పాడు. కాలు ఉన్నచోటు నుంచి లేవలేదు. బండి రోడ్డు దిగి పట్టల మీదికి వెళ్లింది. ముసలమ్మ పక్కకు పడి దొర్లింది. ఇసకలో చక్రాలు దిగబడి బండి అదే ఆగింది.

ఆమెకు దెబ్బ తగల్లేదు. జనం పోగయ్యారు. ముసలమ్మ నోటికి ఊళ్లో అందరికీ భయమే, ఈరోజు మాలకొండయ్య పని అయిపోయిందనుకున్నారు. తలుపు తీసుకుని అతను దిగాడు. దిగడానికి ఎంతసేపు పట్టిందో అందరూ చూశారు. ముసలమ్మ కూడా చూసింది. అతని ముఖం చూసింది, ప్యాంటుకు ఆనించి దాచుకోబోతున్న ఆ చెయ్యి చూసింది. ఒక్క మాట తిట్టలేదు.

"పో నాయనా, ఇంటికి పో" అని, చక్రం కిందపడ్డ చేపల్ని ఇసకలోంచి ఒకటొకటే ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆమె తిట్టి ఉంటే అతను ఇంకొన్నాళ్లు తోలేవాడేమో.

బండి అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇల్లు చేరాడు. సాయంత్రం కిషోర్ వెళ్లి దాన్ని తెచ్చి వాకిట్లో పెట్టాడు. మాలకొండయ్య తాళంచెవి తీసుకుని రోజారమణి చేతిలో పెట్టాడు.

"ఇది నీకాడ పెట్టుకో. నేనడిగినా ఇయ్యబాక."

"నువ్వడిగితే ఇయ్యకుండా ఎట్టా ఉండేది మామా?"

"ఇయ్యబాక అంటా ఉండా గదా."

వారం తిరక్కుండానే అడిగాడు. తోలడానికి కాదు, ఊరికే ఇంజను ఆన్ చేస్తానని, లేకపోతే బ్యాటరీ చచ్చిపోతుందని. ఆమె ఇవ్వలేదు. మళ్లీ అడిగాడు. ఇవ్వలేదు. ఆ రోజంతా అతను ఆమెతో మాట్లాడలేదు. ఆమె వంటింట్లో చేప తోముతూ ఏడ్చింది. తాళంచెవి మొదట బియ్యం డబ్బాలో దాచింది, తర్వాత అక్కడ కూడా నమ్మకం లేక బొడ్లో దోపుకుని తిరిగింది. బ్యాటరీ సంగతి కిషోర్ చూసుకునేవాడు, తీరిక దొరికిన ఆదివారం ఇంజను ఆడించి ఆపేసేవాడు. వాడికి హేచరీకి పోయి రావడానికి బైకు చాలు. ఆ కారుతో ఎవరికీ పని లేకుండా పోయింది.

తూర్పు ముఖం ఇల్లు వాళ్లది. ఇంటికీ సముద్రానికీ మధ్య అడ్డుగా పెద్ద చెట్టు కూడా లేదు. పొద్దు పొడిచింది మొదలు నడినెత్తికి వచ్చేదాకా ఎండంతా బండి మీదే. కవరు కప్పి చూశారు. గాలి దాని కిందికి దూరి పడవ తెరచాపలాగా ఉబ్బించేది, లోపల ఇసక చేరి రంగును గీరేది. కిషోర్ దాన్ని పీకేశాడు. కొబ్బరాకుల పందిరి వేశారు. ఒక గాలివానకు అది పక్కింటి వాకిట్లో పడింది. రేకులు వేయిద్దాంలే అన్నాడు కిషోర్. అన్నాడే గాని వాడికి షిఫ్టులు కుదరలేదు.

మొదటి వేసవిలో నలుపు మసకబారింది. వాన పడితే మళ్లీ నల్లగా కనపడేది, ఆరితే బూడిదరంగు. రెండో వేసవి రోహిణి కార్తె దాటేసరికి బంపర్లు, పట్టీలు అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబోయాయి. వేలితో రాస్తే సుద్దలాగా పొడి అంటుకునేది. వరండాలో కుర్చీ వేసుకుని మాలకొండయ్య రోజంతా దాన్నే చూసేవాడు. తెల్ల రంగుకు ఏమీ కాలేదు. పోయింది అంచే. అంచు పోయిన బండి అతని కంటికి జబ్బు మనిషిలాగా కనపడేది.

ఒక పొద్దున రోజారమణి నీళ్లకు పోయి వచ్చేసరికి అతను వెనక బంపరు ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో కిషోర్ బూట్ల పాలిష్ డబ్బా, ఇంకో చేతిలో పాత బనీను ముక్క.

"ఏంది మామా ఇది?"

"చూడు ఎట్టా వస్తా ఉండాదో."

నిజంగానే వస్తోంది. ఊరికే ఉన్నప్పుడు వణికే చెయ్యి, పనిలో పెడితే కాస్త కుదురుకునేది. గుడ్డతో రుద్దే పనే కాబట్టి వణుకు అడ్డం రాలేదు. మధ్యాహ్నానికి బంపరు మెరిసింది. కిషోర్ తన బూట్లకు పాలిష్ లేదని గొణిగి కూడా, "బాగుండాది నాయనా" అన్నాడు. రెండు రోజులకు ఒక జల్లు పడింది. పాలిష్ కరిగి తెల్ల రంగు మీద నల్ల చారలు కారాయి. దండెం మీది బట్టలు తియ్యబోయి రోజారమణి బండిని రాసుకుని పోయింది. ఆ చీర మరక ఎన్ని ఉతుకులకూ వదల్లేదు.

తర్వాత కొబ్బరినూనె పూశాడు. ఆ పూట చాలా బాగుంది. సాయంత్రం గాలి లేచి ఇసక రేగింది. తెల్లారి చూస్తే బంపరంతా వేపుడుకు రవ్వ అద్దిన చేపముక్కలాగా తయారైంది. దాన్ని కడిగేసరికి రోజారమణికి నడుం పట్టేసింది.

"ఇంక దాని జోలికి పోబాక మామా. నీకు దండం పెడతా."

అతను తలూపాడు.

పడవలకు ఫైబరు అతుకులు వేసే చిన్నబాబు అతనికి పాత స్నేహితుడు. పరామర్శకు వచ్చినవాడు బండిని చూసి, తన ఫోనులో ఒక వీడియో తీసి చూపించాడు. వేడిగాలి ఊదే గన్ను ఒకటి ఉంటుంది, దాన్ని తెల్లబోయిన ప్లాస్టిక్కు మీద పట్టుకుంటే లోపలి నూనె పైకి తేలి నలుపు దానంతటదే వస్తుంది. అలాంటి గన్ను చిన్నబాబు దగ్గరే ఉంది. మర్నాడు తెచ్చిచ్చాడు.

"జానెడు దూరం పెట్టాల. ఒకచోటే నిలపబాక. చెయ్యి ఆడిస్తానే ఉండాల" అని చెప్పి, "నేను చేసిపెడతా లేబ్బా" అని కూడా అన్నాడు.

"ఆడించేదానికే గదా నాకు ఈ చెయ్యి ఇచ్చింది దేవుడు" అన్నాడు మాలకొండయ్య. చాలా రోజులకు అతను వేసిన హాస్యం అది. చిన్నబాబు నవ్వి వెళ్లిపోయాడు.

వరండాలోంచి వైరు లాగి ముందు చక్రం మీది పట్టీతో మొదలుపెట్టాడు. వేడి తగిలినచోట సుద్ద తెలుపు మాయమై, లోపలినుంచి నలుపు ఊరినట్టు ఊరింది. అతికించింది కాదు, రుద్దింది కాదు, దాని సొంత నలుపే. అతను గన్ను ఆపి, వేలితో తాకి చూసుకుని, మళ్లీ పెట్టాడు. రోజారమణి గుమ్మంలో నిలబడి చూసింది. బాగానే ఉందనిపించి పొయ్యి మీద పులుసు చూసుకోవడానికి లోపలికి వెళ్లింది.

చక్రం పట్టీ అయ్యాక తలుపు పట్టీకి వచ్చాడు. పనిలో పడి మాత్ర వేళ దాటిపోయింది. మందు బలం తగ్గితే ఒళ్లు కొయ్యబారిపోవడం అతనికి అలవాటే, కానీ అది చెప్పి రాదు. గన్ను పట్టుకున్న చెయ్యి తలుపు మధ్యలో ఆగిపోయింది. కదల్చాలనుకుంటున్నాడు. చెయ్యి కదలడం లేదు. వేలు మీట మీద బిగుసుకుని ఉంది, వేడిగాలి ఒకేచోట ఊదుతూనే ఉంది. కాలుతున్న వాసన ఇల్లంతా నిండింది. దానికి జానెడు దూరంలో ఉన్నవాడికి మాత్రం తెలియలేదు.

"మామా! ఏందో కాలతా ఉండాది!"

రోజారమణి పరుగెత్తుకొచ్చేసరికి పట్టీ బుడగలు లేచి, కిందికి జారి, ముడుచుకుపోతోంది. పైన తెల్ల రంగు గోధుమరంగుకు తిరిగింది. ఆమె వైరు గోడలోంచి లాగేసింది. తర్వాత అతని వేళ్లు ఒకటొకటే విప్పి గన్ను తీసి నేల మీద పెట్టింది.

"నీకు వాసన రాలే..." అని అడగబోయి ఆగింది.

అతను పట్టీ వంక చూస్తున్నాడు. ముఖంలో ఏమీ లేదు. బాధపడుతున్నాడో, సిగ్గుపడుతున్నాడో, కోపంగా ఉన్నాడో ఆమెకు తెలియలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ముఖం. చిన్నప్పుడు అతను వీధి మొదట్లో ఉండగానే, ఏం తెస్తున్నాడో ముఖం చూసి చెప్పేది. ఇప్పుడు ఎదురుగా నిలబడి వెతికినా ఏమీ దొరకడం లేదు.

"నొప్పిగా ఉండాదా మామా?" అంది, ఏమడగాలో తెలియక.

కాసేపటికి అతని కంట్లోంచి నీళ్లు కారాయి. అప్పుడు తెలిసింది ఆమెకు.

సాయంత్రం కిషోర్ వచ్చి తలుపు చూశాడు. ఏమీ అనకూడదనే అనుకున్నట్టున్నాడు, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు. మళ్లీ బయటికొచ్చాడు.

"చెయ్యి కాలుంటే ఏంది నాయనా మా గతి? దాన్ని ఎవురికన్నా ఇచ్చేద్దాం. అదట్టా ఎండకు పాడయిపోతా ఉండాది, దాన్ని చూసి నువ్వు..."

మాలకొండయ్య చాలాసేపు పలకలేదు. ఇద్దరూ ఎదురు చూశారు. ఈ మధ్య అతను మాట్లాడాలంటే మాట పోగయ్యేదాకా ఆగాలి.

"ఇచ్చెయ్ అబ్బయ్యా. కానీ ఇట్టా కాదు. నల్లగా చేసి ఇద్దాం. ఎవురన్నా చూస్తే, ఈడు బండిని ఏడిపించినాడు అనుకుంటారు."

కిషోర్ తల్లి వంక చూశాడు. ఆమె తల దించుకుంది.

విడవలూరులో పెంచలకృష్ణ అనే రైతు పాత బండి కోసం చూస్తున్నాడని హేచరీలో ఎవరో చెప్పారు. కోతలు కాగానే వచ్చి చూస్తానన్నాడు. కిషోర్ ప్లాస్టిక్కుకు నలుపు తెచ్చే మందు ఆన్‌లైన్లో తెప్పించాడు. చిన్న సీసా, దాంతోపాటు స్పాంజి ముక్క. ముందు సబ్బునీళ్లతో కడగాలి. గరుకు సందుల్లో సుద్ద పోయేదాకా పాత పళ్ల బ్రష్షుతో తోమాలి. బాగా ఆరనివ్వాలి. మందు తెల్ల రంగుకు అంటకుండా అంచు వెంట కాగితపు టేపు వెయ్యాలి. నీడపట్టున పలచగా పుయ్యాలి, ఆరాక ఇంకోసారి. ఇంటి నీడ వాకిట్లోకి పరుచుకునేది మధ్యాహ్నం దాటాకే కాబట్టి అప్పుడు చెయ్యాలని మాలకొండయ్య నిర్ణయించాడు. కడగడం, తోమడం తనే చేశాడు. ఒక్కో పట్టీకి ఒక్కో పూట పట్టింది. ఎవరినీ తాకనివ్వలేదు.

టేపు దగ్గర ఆగిపోయాడు. చుట్ట నుంచి కొస దొరికించుకోవడానికే చాలాసేపు పట్టింది. లాగితే వంకరగా చిరిగింది. తిన్నగా వచ్చిన ముక్క అంచు చేరేలోపే దానికదే అంటుకుని ఉండ అయింది. ఆ ఉండను వదిలించుకోబోతే వేళ్లకు చుట్టుకుంది. రోజారమణి వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ చూస్తోంది. లేవాలనుంది. లేస్తే అతనికి ఎలా ఉంటుందోనని భయంగా ఉంది. ఇంకో ముక్క, ఇంకో ముక్క. చివరికి రెండు చేతుల వేళ్లకూ టేపు అంటుకుని, ఏ చేత్తో ఏ చేతిది తియ్యాలో తెలియక, అతను ఆమె వైపు తిరిగి చేతులు రెండూ చాపాడు.

ఆమె లేచి వచ్చి టేపంతా పీకేసింది.

"నేనేస్తా. నువ్వు చెప్పు."

"నీకు రాదు."

"నీకొస్తా ఉండాదా?" అనేసింది. అన్నాక నోరు నొక్కుకుంది. అతను మాత్రం పీట పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చాడు.

టేపు వెయ్యడం ఆమెకు తేలిగ్గానే వచ్చింది. మందు పుయ్యడం దగ్గర గొడవ.

"పలచగా పుయ్."

"ఏందీ?"

"పలచగా."

"రవంత గట్టిగా చెప్పు మామా, గాల్లో వినపళ్లా."

"గట్టిగానే చెప్తా ఉండా గదా!"

అతను అరుస్తున్నాననే అనుకుంటున్నాడు. ఆమెకు పెదాలు కదలడం తప్ప వినపడలేదు. జబ్బు గొంతును కూడా పట్టిందని డాక్టరు చెప్పినప్పుడు ఆమె సరిగ్గా అర్థం చేసుకోలేదు. కొన్నాళ్లుగా తను పలకరిస్తే ఇతను పలకడం లేదని అలిగిన రోజులు గుర్తొచ్చాయి. ఎన్నిసార్లు పలికాడో, ఎన్ని మాటలు వంటింటి దాకా రాకుండానే పోయాయో.

స్పాంజి పక్కన పెట్టి, ఇంకో పీట లాక్కుని అతని మోకాళ్ల దగ్గర కూర్చుంది. అప్పటి నుంచి ఆమె పుయ్యడం, అతను ఆమె చెవి దగ్గర చెప్పడం. అంచు దగ్గర ఆగు. వెనక్కి రాబాక, ఒకే వైపు లాగు. అక్కడ ఎక్కువైంది, గుడ్డతో తుడువు. చెప్పిందే చెప్తుంటే ఆమెకు విసుగొచ్చేది, "తెలిసిందిలే" అని కసిరేది. అతను ఊరుకునేవాడు. నాలుగు గీతలు పూశాక మళ్లీ మొదలుపెట్టేవాడు.

ముందు బంపరు, వెనక బంపరు, చక్రాల పట్టీలు, అద్దాల డొప్పలు అన్నీ నల్లబడ్డాయి. నీళ్లలోంచి తీసిన రాయిలాగా ఉన్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి, కొత్తవి వేయించారా అని అడిగారు. కాలిన పట్టీకి మాత్రం మందు లేదు. దానిమీదా పూశారు. నల్లగానే అయింది, కానీ ముడతలు ఇంకా బాగా కనపడ్డాయి.

"స్పేరుపార్టుల కొట్లో అడిగితే కొత్త పట్టీ దొరుకుతుందేమో నాయనా" అన్నాడు కిషోర్. కావలిలో అడిగాడు, నెల్లూరులో అడిగాడు. ఆ పాత రకానికి ఇప్పుడు పార్టులు రావడం లేదన్నారు.

పెంచలకృష్ణ తన బావమరిదిని వెంటబెట్టుకుని బైకు మీద వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, మంచి మనిషి. అన్నా అని పలకరించి, ఆరోగ్యం అడిగి, బండి చుట్టూ తిరిగాడు. బానెట్టు ఎత్తి చూశాడు. ఇసకలో వెల్లకిలా పడుకుని అడుగుభాగం చూశాడు. "ఉప్పుగాలి బాగానే తినింది" అన్నాడు లేచి వీపు దులుపుకుంటూ. టైర్లు చూశాడు. నలుపు వంక చూడలేదు. మాలకొండయ్య కుర్చీలోంచి అతని చూపు ఎటు పోతే అటు చూస్తున్నాడు.

చివరికి తలుపు దగ్గర ఆగాడు. "ఇదేందన్నా, ఇట్టా ముడుచుకోని ఉండాది?"

మాలకొండయ్య నోరు తెరిచాడు. మాట పోగవుతోంది.

"నేనే కాల్చినా" అంది రోజారమణి. "నలుపు తెద్దామని వేడిగన్ను పెట్టి, పులుసు పొంగతా ఉంటే లోపలికి పోయినా. మర్చిపోయినా."

మాలకొండయ్య ఆమె వైపు తిరగబోయాడు. మెడ అంత త్వరగా తిరగలేదు.

"పోనీలే వదినా" అన్నాడు పెంచలకృష్ణ. "ఎట్టయినా ఈ ప్లాస్టిక్కంతా పీకేయించేది ఉండాది. పొలాల్లో తిరిగే బండి, స్టీలు బంపర్లు ఏపిస్తా."

అతను తప్పుగా ఏమీ అనలేదు. అతని బండి, అతని అవసరం. రోజారమణి ఇంకా నలుపు వదలని తన చేతివేళ్ల వంక చూసుకుని పమిట కొంగులో దాచుకుంది.

"అన్నా, ఒకసారి నువ్వే స్టార్ట్ చేసి చూపియ్" అన్నాడు పెంచలకృష్ణ.

కిషోర్ కంగారుగా ముందుకొచ్చాడు. రోజారమణి వాణ్ణి చేత్తో ఆపి, బొడ్లోంచి తాళంచెవి తీసి మొగుడి చేతికిచ్చింది. అతను అడగలేదు. కుర్చీలోంచి లేచి, చిన్న చిన్న అడుగులతో బండి దాకా నడిచి, తలుపు పట్టుకుని ఎక్కాడు. తాళంచెవి రంధ్రంలో పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఒకసారి కింద పడింది. కిషోర్ వంగి తీసిచ్చాడు. పెంచలకృష్ణకు అప్పటికి సంగతి అర్థమై, టైరు చూస్తున్నట్టు అటు తిరిగాడు. ఇంజను అందుకుంది. మాలకొండయ్య స్టీరింగు మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు. ఇంజను వినడానికి బాగానే ఉంది. కాసేపు విన్నాడు. తనే ఆపేసి, దిగడానికి కొడుకు భుజం పట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే బండి తీసుకుపోవడానికి మాట కుదిరింది. పెంచలకృష్ణ సీట్లో కూర్చుని అద్దాలు సర్దుకుంటుంటే, మాలకొండయ్య కిటికీ దగ్గరికి వెళ్లి వంగాడు. ఏదో చెప్తున్నాడు. పెదాలు ఆగకుండా కదులుతున్నాయి. ఇంజను మోగుతోంది, గాలి వీస్తోంది.

"సరే అన్నా, సరే. అట్టాగే" అన్నాడు పెంచలకృష్ణ తలూపుతూ. ఒక్క ముక్క కూడా వినపడలేదని అతని ముఖంలో తెలుస్తూనే ఉంది. అయినా పెద్దాయన చెప్పడం ఆపేదాకా బండి కదిలించకుండా ఆగాడు. ఆపినట్టే అనిపించాక గేరు వేశాడు. బైకు ముందు, కారు వెనక, రెండూ అల్లూరు దారి పట్టాయి.

కిషోర్ తండ్రిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, టీ పెడతానని లోపలికి వెళ్లాడు. వాకిట్లో చక్రాలు నిలిచినచోట నాలుగు గుంటలు ఉన్నాయి. ఆ సమయానికి గాలి ఎక్కువగానే ఉంటుంది, ఇసక వాటిలోకి జారుతోంది. రోజారమణి పీట తెచ్చుకుని అతని మోకాళ్ల దగ్గర వేసుకుంది.

"ఆయనకు ఏం చెప్పినావు మామా?"

అతను చెప్పాడు. ఆమె చెవి అతని నోటి దగ్గరికి జరిపింది. ఎండలో కడగొద్దని చెప్పాడట. నూనె పుయ్యొద్దని, కడిగితే మెత్తటి గుడ్డతో తుడవమని. మందు ఇంకా సీసాలో మిగిలి ఉంది, కావాలంటే పంపిస్తానని. ఎడమవైపు వెనక పట్టీకి రెండోసారి పలచగా పడిందని, అది ముందుగా తెల్లబోతుందని, చూసుకోమని.

"వినపడిందంటావా ఆయనకి?" అన్నాడు.

రోజారమణి పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఇంకా ఏమన్నా చెప్పినావా?" అంది.

ఇంకా ఉందట. అతను మళ్లీ మొదలుపెట్టాడు. కిషోర్ తెచ్చిన టీ చల్లారిపోతున్నా ఆమె అక్కడే కూర్చుని వింది.